ఇంజను అడగని మందు

బానెట్ ఎత్తకముందే ఇంజను జబ్బు చెప్పేవాడు గనక ఆయనకు చెవి మేస్త్రి అని పేరు పడింది. పెట్టింది ఎవరో ఎవరికీ గుర్తు లేదు. కారు ఇంకా సందు మలుపులో ఉండగానే, చేతిలో పని ఆపకుండా, తల కూడా ఎత్తకుండా, "మూడో ప్లగ్గు అలిగింది" అనేవాడు. బండి వచ్చి ఆగాక విప్పి చూస్తే మూడో ప్లగ్గే అయ్యేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో గారడీ అనుకునేవారు. పాతవాళ్ళు మాత్రం షెడ్డులోకి రాగానే నోరు కట్టేసుకునేవారు. ఆయన వింటున్నప్పుడు ఎవరైనా మాట్లాడితే కళ్ళెర్రజేసి, "బండి చెప్పేది వినాలా, మీరు చెప్పేది వినాలా?" అని గదమాయించేవాడు.

ఆ షెడ్డుకు వచ్చేవన్నీ పరుగు బండ్లు. కొన్ని కంపెనీ నుంచే వేగంగా వచ్చినవి, కొన్ని ఇంజనులోకి గాలి దట్టించే టర్బోలు తగిలించి వేగం పెంచుకున్నవి. రేకుల కప్పు కింద రెండు లిఫ్టులు, గోడకు వరసగా స్పానర్లు, మూల ఒక సింకు. సింకు పక్కన ఇసుకలా గరగరలాడే సబ్బు. ముందువైపు అద్దాల కౌంటరు. అక్కడ కూర్చునేది ఆయన బావమరిది. ఇంజను విప్పడం రాకపోయినా, వచ్చినవాణ్ణి ఊరికే పోనివ్వకపోవడం అతనికి బాగా వచ్చు.

బావాబావమరుదులకు ఏళ్ళ తరబడి ఒకే ఒక్క తగువు. అది ఆక్టేన్ బూస్టర్ సీసాల గురించి. సీసా మీద మంటలు, మంటల్లోంచి దూకుతున్న పులి బొమ్మ. పెట్రోల్ ట్యాంకులో పోస్తే ఇంజను రెచ్చిపోతుందని వాటి మీద రాసి ఉంటుంది. రేసు బండ్ల కుర్రాళ్ళకు అవంటే పిచ్చి. బావమరిది వాటిని కౌంటరు మీద ముందువరసలో పెట్టేవాడు. మేస్త్రి వాటిని తీసి కింది అరలో వైపర్ల వెనక తోసేవాడు.

"బావా, ఊరంతా అమ్ముతున్నారు. మనమొక్కళ్ళమే సత్యవంతులమా?"

"అమ్ముకో. కాకపోతే నా నోటితో పొయ్యమని చెప్పించకు."

ఎవరైనా నేరుగా అడిగితే మాత్రం ఓపిగ్గా చెప్పేవాడు. "ఆక్టేన్ అంటే పెట్రోలుకి బలం కాదండీ, ఓపిక. పిస్టన్ పైకొచ్చి పెట్రోలునీ గాలినీ కలిపి నలిపేస్తుంది. ప్లగ్గు అంటించిన మంట తన దాకా వచ్చేవరకూ సిలిండరు మూలనున్న పెట్రోలు ఓర్చుకోవాలి. ఓర్చుకోలేకపోతే తనంతట తనే టప్పున పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుంటుంది. ఆ చప్పుడుంటే ఓపిక పెంచే మందు పోసుకోండి. కొన్ని బండ్లయితే ఆ చప్పుడు అవే కనిపెట్టి నిప్పు కాస్త ఆలస్యంగా పెడతాయి, దాంతో లాగుడు తగ్గుతుంది. అలాంటప్పుడు సీసా పోస్తే తగ్గింది తిరిగొస్తుందేమో. అంతేగానీ లేని బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంజను అడగని మందు ఎందుకు పొయ్యడం?"

అలాంటి మనిషి ఒక వేసవిలో మాట మార్చాడు.

ఎర్ర కారు వేసుకుని ఒకాయన వచ్చాడు. ఎండలో ఇంజను టకటకమంటోందని అనుమానం. మేస్త్రి ఆ కారు నడిపి చూసొచ్చి, తాళాలు చేతికిస్తూ, "ఒక సీసా పోసుకోండి. మంచిదే" అన్నాడు. చిల్లర లెక్కపెడుతున్న బావమరిది చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత ఇంకొకాయనకూ అదే మాట. ఆ పైన వచ్చినవాళ్ళకు కూడా. బావమరిది సీసాలన్నీ పైకి తెచ్చి పులులన్నీ వాకిలికేసి చూసేలా వరసగా సర్దాడు. ముసలితనంలోనైనా బావకు బుద్ధొచ్చిందని మురిసిపోయాడు.

జరిగింది వేరు. మేస్త్రికి ఆ గులకరాళ్ళ చప్పుడు వినిపించడం మానేసింది.

మొదట్లో ఆయన కూడా పోల్చుకోలేదు. ఈ మధ్య ఇంజన్లు బాగా చేస్తున్నారు, నాకింగే ఉండటం లేదు అనుకున్నాడు. తీరా ఆ ఎర్ర కారాయన పక్క సీట్లోంచి వేలెత్తి, "అదిగో, అదిగో, విన్నారా?" అన్నాడు. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఇంజను లోపలి మూలుగు వినిపిస్తోంది. టైర్లు రోడ్డును రాసుకోవడం తెలుస్తోంది. వాటి పైన ఏమీ లేదు. ఎక్కడో తలుపు మూసినట్టు అక్కడితో సరి. "ఆఁ, విన్నాను" అన్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చేలోపు మనసులోనే లెక్క వేసుకున్నాడు. నాకింగ్ లేదని చెప్పి, నిజంగా ఉంటే పిస్టన్లు పగిలిపోతాయి. ఉందని చెప్పి ప్లగ్గు నిప్పు పెట్టే టైమింగ్ వెనక్కి తిప్పితే, లేకపోతే గనక బండి నీరసపడుతుంది. సీసా పొయ్యమంటే ఎవరికీ నష్టం లేదు. ఉంటే తగ్గుతుంది, లేకపోతే తాగి ఊరుకుంటుంది. ఆ వేసవంతా ఆయన ఈ ఆలోచనను పట్టుకునే గడిపాడు.

ఇంట్లో భార్యకు అప్పటికే తెలుసు. ఆవిడ ఒక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగమంతా చెవులకు హెడ్‌ఫోన్లతోనే గడిచింది. అవతలి మనిషి హలో అనకముందే, ఊపిరిని బట్టి, ఎమర్జెన్సీకి కలపాలా విచారణకు కలపాలా అని పోల్చుకునేది. అలాంటావిడకు సొంత మొగుడి చెవి సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? "కిటికీ వేశారా?" అంటే "తిన్నానే" అనేవాడు. "మా చెల్లెలు ఫోన్ చేసింది" అంటే "పారెయ్యకు, పనికొస్తుంది" అనేవాడు. ఆవిడ నవ్వు ఆపుకునేది. తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది. వంటింట్లోంచి కేకేసి మాట్లాడే అలవాటు మానుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, మొహం కనిపించేలా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయన దాచాననుకున్నాడు. ఆయనే చెబుతాడని ఆవిడ చూసింది. ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ, పైకి ఏమీ ఎరగనట్టు కాలక్షేపం చేశారు.

పళ్ళ డాక్టరమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. ఆవిడది పొట్టిగా, నేలకు అతుక్కున్నట్టుండే పాత టర్బో కారు. సెలవు రోజుల్లో ఊరి బయట రేసు ట్రాక్ మీద నడుపుతుంది. క్లినిక్ నుంచి నేరుగా వచ్చిందేమో, మొహానికి మాస్కు అలాగే ఉంది. ఆవిడ చెప్పిందేమిటో మేస్త్రికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. ఈసారి బావమరిది వైపు చూశాడు. ఆవిడ మాస్కు గడ్డం కిందికి లాగి, బండి ఎక్కడ ఆపమంటారని అడిగేసరికి మేస్త్రి టక్కున జవాబు చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసింది.

"గట్టు ఎక్కేటప్పుడు బండి బద్ధకిస్తోంది మేస్త్రి గారూ. ట్రాక్ దగ్గర అందరూ ఆక్టేన్ బూస్టర్ వాడమంటున్నారు. దానివల్ల నిజంగా లాభం ఉంటుందా? మీరు వద్దంటారని విన్నాను."

మేస్త్రి కారు తీసుకెళ్ళి ఊరి చివరనున్న ఎత్తు గట్టు ఎక్కించి దింపాడు. బద్ధకం ఉన్నమాట నిజమే, కాలికి తెలుస్తోంది. నాకింగ్ వల్ల బండే తనంతట తాను వెనక్కి తగ్గుతోందో, ఇంకేదైనా కారణమో చెప్పాల్సింది చెవి. చెవి ఏమీ చెప్పలేదు.

"వాడి చూడండి" అన్నాడు, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

డాక్టరమ్మ సీసా మీద సీసా పోసింది. కొన్నాళ్ళకు కారు లారీ మీద ఎక్కి వచ్చింది. వెనకే ఆటోలో ఆవిడ వచ్చింది. మోచేతికి చిన్న కట్టు.

"మొదట్లో బాగానే ఉందనిపించింది. నా మనసుకే అలా అనిపించిందేమో తెలీదు" అంది. "నిన్న ట్రాక్ మీద ఒకతన్ని దాటుతుంటే ఇంజను గుటకలు మింగింది. వెనక బండి మీదకొచ్చేసింది. తప్పించబోయి గడ్డిలోకి వెళ్ళి గిర్రున తిరిగాను. అతనూ తప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది."

మేస్త్రి ప్లగ్గులు విప్పాడు. కొసలన్నిటికీ ఇటుక రంగు పొడి పట్టి ఉంది. ఆ సీసాల్లో కలిపే లోహం మంటలో కాలి అలా పేరుకుంటుంది. పేరుకున్న చోట నిప్పురవ్వ సరిగ్గా పడదు. ఆయనకు తెలియని సంగతి కాదు. ఒకప్పుడు కుర్రాళ్ళను కూర్చోబెట్టి చెప్పిన సంగతే. ప్లగ్గుల్ని అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బావమరిది తొంగి చూసి గబగబా కౌంటరు వెనక్కి వెళ్ళిపోయాడు.

కొత్త ప్లగ్గులు బిగించి ఇంజను ఆన్ చేశాడు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య షెడ్డులోకి వచ్చింది. చెల్లెలి ఇంటికి వెళుతూ ఇంటి తాళం ఇచ్చి పోదామని. తాళం చేతికిస్తూ మొహం చిట్లించింది.

"ఏమిటది, బుస్సుమంటోంది?"

"ఏది?" అన్నాడు మేస్త్రి.

"అదేనండీ, పాములా. వినబట్లేదూ?"

డాక్టరమ్మ చెవులు రిక్కించింది. "అవునే. సన్నగా ఉంది."

"అది ఎప్పట్నుంచో ఉందిగా అక్కా" అన్నాడు బావమరిది అక్కణ్ణుంచే. "టర్బో బండి కదా, దాని గొంతే అంత అనుకున్నా. బావ ఏమీ అనకపోతే నేనేమంటాను?"

ఆవిడ బానెట్ కిందికి వంగి, తల అటూ ఇటూ తిప్పి, ఒక సన్న రబ్బరు గొట్టం దగ్గర వేలు పెట్టింది. మేస్త్రి ఆ వేలు పక్కన తన వేలు పెట్టాడు. గొట్టం చీలిక వేలి చర్మాన్ని లోపలికి పీల్చింది. టర్బో గాలిని బయటికి వదిలే మూతను గట్టిగా మూసిపట్టి ఉంచే గొట్టం అది. అది చీలితే మూత బిగిసి ఉండదు. గట్టెక్కేటప్పుడు టర్బో పోగుచేసిన గాలంతా కారిపోతుంది. బద్ధకానికి కారణం అదే. నాకింగ్ లేదు, పెట్రోలు తప్పు లేదు, సీసాల అవసరమే లేదు. చిన్న రబ్బరు ముక్క. ఒకప్పుడు ఆ బుస ఆయనకు వీధి అవతల నుంచి వినిపించేది.

గొట్టం మార్చాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అయిపోయాక, "రబ్బరు పాతబడితే ఒక్కోసారి..." అంటూ నీళ్ళు నమిలాడు.

డాక్టరమ్మ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. "మేస్త్రి గారూ, నేను రోజంతా మాస్కు పెట్టుకుని మాట్లాడేదాన్ని. నా మాట ఎవరు వింటారో, నా పెదాలు ఎవరు వెతుక్కుంటారో తెలిసిపోతుంది. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి."

"పళ్ళ డాక్టరు పళ్ళ సంగతి చూసుకుంటే చాలు" అనేసి, గుడ్డ విసిరికొట్టి, మేస్త్రి బయటికి నడిచాడు. సబ్బుతో చేతులు కూడా కడుక్కోలేదు.

భార్య చెల్లెలి ఇంటికి వెళ్ళలేదు. ఆయన వెనకే ఇంటికి వచ్చింది. ఆయన చాలాసేపు బల్ల ముందు గ్రీజు చేతులతోనే కూర్చున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మీకంటే ముందే."

"చెప్పలేదేం?"

"మీరు చెబుతారని."

ఆయన గోళ్ళలోని నలుపు గోక్కుంటూ అన్నాడు. "ఆ అమ్మాయి గడ్డిలో తిరిగి పడింది. వెనకవాడు ఓ క్షణం ఆలస్యం చేసుంటే? సీసా పొయ్యమని చెప్పింది ఆవిడ బండి కోసం కాదు. ఎవరి బండి కోసమూ కాదు. నా చెవి పోయిందని ఎవరికీ తెలియకుండా ఉండటం కోసం."

ఆవిడ ఓదార్చలేదు. అది అబద్ధమైతే ఓదార్చేదే. లేచి వెళ్ళి మర్నాటికే చెవుల డాక్టరు దగ్గర అపాయింటుమెంటు తీసుకుంది.

పరీక్ష గది అద్దాల పెట్టెలా ఉంది. చప్పుడు వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. మేస్త్రి బుద్ధిగా కూర్చుని నొక్కుతూ పోయాడు. కాసేపటికి పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చింది.

"తాతగారూ, నేనేమీ వాయించనప్పుడు కూడా నొక్కుతున్నారు."

"వస్తుందేమోనని ముందు జాగ్రత్తమ్మా" అన్నాడు ఆయన. అద్దం అవతల భార్య తల పట్టుకుంది.

రెండోసారి నిజాయితీగా నొక్కాడు. కింది స్థాయి చప్పుళ్ళు బాగానే వినిపిస్తున్నాయని, పై స్థాయివి చాలావరకు పోయాయని, ఇన్నేళ్ళు ఇంజన్ల పక్కన చెవులకు అడ్డం ఏమీ లేకుండా నిలబడినందువల్లేనని, పోయినవి తిరిగి రావని డాక్టరు చెప్పాడు. వినికిడి మిషన్లు ఇచ్చాడు. వాటితో మాటలు తేటపడ్డాయి. కిటికీ కిటికీలాగే, చెల్లెలు చెల్లెలిలాగే వినిపించింది. షెడ్డులో మాత్రం కంచాల మీద చెంచాలు కుమ్మరించినట్టుంది. ఇంజను రేకు డబ్బా అయిపోయింది. మిషన్లు తీసి జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు. కొన్నాళ్ళపాటు గడప దాటలేదు.

మేస్త్రి ఎక్కడని ఎవరైనా అడిగితే ఊరెళ్ళాడని బావమరిది చెప్పసాగాడు. ఆ మాట ఇంటిదాకా వచ్చింది. ఒక ఉదయం మేస్త్రి షెడ్డుకు వెళ్ళి పులుల సీసాలన్నీ కౌంటరు మీంచి దించాడు.

"బావా, చెవి మేస్త్రికి చెవి లేదని తెలిస్తే ఇంకెవడొస్తాడు?"

"ముందు తెలియనీ. వచ్చేవాడు వస్తాడు. ఈ వేసవిలో నా మాట మీద సీసా కొన్నవాళ్ళు ఎవరెవరో చెప్పు."

కొన్నవాడి మొహం బావమరిది ఎప్పుడూ మర్చిపోడు. గొణుక్కుంటూనే ఒక్కొక్కరి పేరూ చెప్పాడు. మేస్త్రికి ఫోనులో వినడం కుదరదు, అవతలి పెదాలు కనిపించవు గదా. అందుకని భార్య కౌంటరు వెనక కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఫోను చెవికి పెట్టుకోగానే ఆవిడ నడుము దానంతట అదే నిటారయింది. గొంతు మారిపోయింది.

"నమస్కారమండీ. చెవి మేస్త్రి గారి షెడ్డు నుంచి. లైన్లో ఉండండి, మేస్త్రి గారు మాట్లాడతారు."

ఆయన ఫోను అందుకుని, ఒకే మాట అందరికీ చెప్పాడు. తనకు వినికిడి తగ్గిందని, వినకుండానే సీసా పొయ్యమన్నానని, బండి తెస్తే ప్లగ్గులు చూసి ఊరికే మారుస్తానని. తర్వాత ఫోను భార్యకు ఇచ్చేవాడు. అవతలివాళ్ళు అన్నది ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ ఒక్కో మాటా తిరిగి చెప్పేది. ఒకాయన జాలిపడ్డాడు. ఒకాయన చెడామడా తిట్టాడు. ఆవిడ ఆ తిట్లన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా, వినయమైన ఆపరేటరు గొంతుతో మొగుడికి అప్పజెప్పింది. బావమరిది నవ్వాగక గోడవైపు తిరిగాడు. ఎర్ర కారాయన మాత్రం, "సీసా పోసినప్పట్నుంచీ నా బండి గుర్రంలా పోతోంది మేస్త్రీ, ఇప్పుడీ మాట చెప్పి నా మనసు విరిచెయ్యకండి" అన్నాడట.

డాక్టరమ్మకు ఫోను చెయ్యలేదు. మేస్త్రే ఆవిడ క్లినిక్‌కు వెళ్ళాడు. వరసలో తన వంతు వచ్చేదాకా కూర్చుని, లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు. "ఆ రోజు పళ్ళ సంగతి చూసుకోమన్నాను. తప్పయింది" అన్నాడు. డాక్టరమ్మ మాస్కు తీసేసింది. "వచ్చారు కాబట్టి ఎలాగూ కూర్చోండి, చూసుకుంటాను" అంది. రెండు పళ్ళు పుచ్చి ఉన్నాయి.

ఆవిడే ఒక సంగతి చెప్పింది. ట్రాక్ దగ్గర కొందరు ఇంజను దిమ్మకు చిన్న మైకు లాంటిది బిగించి, హెడ్‌ఫోన్లలో నాకింగ్ వింటారట. మేస్త్రి ఎన్నడూ వాటి మొహం చూడలేదు. చెవి ఉన్నవాడికి అదెందుకని వెక్కిరించిన మనిషి. ఇప్పుడు తెప్పించాడు. డాక్టరమ్మ కారుకే బిగించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంజను రేపాడు. పెద్ద హోరు. అందులో ఏది ఏదో తేలలేదు. తీసి బల్ల మీద పెట్టాడు. భార్య అవి అందుకుని, జుట్టు సర్దుకుని, తలకు తగిలించుకుంది. ఏళ్ళ తరబడి రోజూ చేసిన పనే.

"ఏం వినిపిస్తోంది?"

"రేకుల మీద వాన పడుతున్నట్టుంది."

మేస్త్రి నాకింగ్ రావాలనే టైమింగ్ కాస్త ముందుకు జరిపి, బండిని గట్టు మీదికి తీసుకెళ్ళాడు. ఆవిడ పక్క సీట్లో కళ్ళు మూసుకుంది. సగం గట్టెక్కాక ఆవిడ కనుబొమలు దగ్గరపడ్డాయి.

"ఆ వానలో ఎవరో గుప్పెడు గింజలు విసిరారు. ఇదిగో, మళ్ళీ."

"అవే! ఆ గింజలే!" అని మేస్త్రి స్టీరింగు మీద కొట్టాడు. హారను మోగింది. అది మాత్రం ఆయనకూ వినిపించింది.

ఆ తర్వాత ఒక సెలవు రోజు ముగ్గురూ కలిసి, సీసా వల్ల లాభముందా అన్న డాక్టరమ్మ ప్రశ్నకు జవాబు తేల్చుకోవడానికి బయలుదేరారు. డాక్టరమ్మ వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించి ఇరుక్కుంది. అదే గట్టు, అదే గేరు. ముందు బంకులో దొరికే, ఆక్టేన్ ఎక్కువున్న మంచి పెట్రోలుతోనే ఎక్కారు. వాన తప్ప గింజలు లేవన్నది మేస్త్రి భార్య. తర్వాత సీసా పోసి, కాసేపు తిప్పి, మళ్ళీ ఎక్కారు. వానే. లాగుడులో తేడా మేస్త్రి కాలికీ తెలియలేదు, డాక్టరమ్మ నడుముకీ తెలియలేదు. తర్వాత ట్యాంకు ఖాళీ చేసి మామూలు పెట్రోలు నింపుకుని, డాక్టరమ్మ కోరినట్టు టర్బో ఒత్తిడి పెంచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎక్కారు.

"గింజలు. బోలెడు. ఆపండి!"

మేస్త్రికి ఒక్కటీ వినిపించలేదు. అయినా కాలు ఠక్కున పైకి లేచింది. ఆ పని చేశాక గానీ, ఇన్నేళ్ళలో ఇంకొకరి మాట మీద ఇంజను ఆపింది ఇదే మొదటిసారని ఆయనకు తట్టలేదు.

సీసా పోసి చూశారు. గింజలు పలచబడ్డాయి, పోలేదు. ఒత్తిడి కాస్త తగ్గిస్తే పూర్తిగా పోయాయి.

"అంటే సీసా పనిచేస్తుందన్నమాట, జబ్బుంటేనే" అంది డాక్టరమ్మ వెనకనుంచి.

"ఉన్నా కొంచెమే. అసలే మంచి పెట్రోలు పోసుకుంటే ఇంకా నయం. సీసాతో అయితే ప్లగ్గుల మీద ఎర్రరంగు ఉచితం" అన్నాడు మేస్త్రి. "మోసం కాదు డాక్టరమ్మా. అలాగని మాయా కాదు. ఎప్పుడు కావాలో తెలుసుకోకుండా పొయ్యమన్నవాడిదే తప్పు."

అప్పట్నుంచి షెడ్డుకు పరుగు బండి వస్తే ముందు ఆయన చెప్పే మాట ఒకటే. "నాకు పై చప్పుళ్ళు వినబడవండీ. మా ఆవిడ వింటుంది. ఇష్టమైతే తాళాలివ్వండి." కొందరు తాళాలివ్వకుండా వెళ్ళిపోయారు. బావమరిది వాళ్ళ వెనక వాకిలిదాకా వెళ్ళి నిట్టూర్చి వచ్చేవాడు. ఉన్నవాళ్ళు ఉన్నారు. వినికిడి మిషన్ల గురించి ఇంట్లో ఇప్పటికీ గొడవే. ఆయన వాటిని అన్నానికి కూర్చున్నప్పుడు పెట్టుకుంటాడు, టీవీ ముందు తీసేస్తాడు. చెవిలో ఉన్నవి జేబులోకి ఎందుకొచ్చాయని ఆవిడ సాధిస్తుంది. ఆ సాధింపు వినపడకుండా ఉండటానికే తీశానంటాడు.

ఒకసారి ఆవిడకు జ్వరం వచ్చింది. ఆ రోజు వచ్చిన బండ్లన్నిటినీ మేస్త్రి తిప్పి పంపేశాడు.

"ఇవాళ చెవికి జ్వరం. తగ్గాక రండి."

మధ్యాహ్నమే షెడ్డు వదిలి ఇంటికొచ్చి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మిషన్లు పెట్టుకున్నాడు. ఆవిడ గొంతు బొంగురుపోయి, మాట పైకి రావడం లేదు. కాసేపు మాత్రల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన అడిగాడు.

"మొన్న డాక్టరమ్మ బండి గట్టు పైదాకా ఒకే ఊపున ఎక్కింది చూడు. అప్పుడెలా ఉంది చప్పుడు?"

ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించింది. "మొదట పాత చీర చింపుతున్నట్టు. అది చిరుగుతూ చిరుగుతూ ఒకచోట ఆగిపోయి, గదినిండా జనం ఒక్కసారి మాటలాపేసినట్టయింది. ఆ తర్వాత ఊపిరి. పెద్ద ఊపిరి, మా ఆసుపత్రి లైన్లో కానుపు అయిందన్న కబురు విన్నవాళ్ళు తీసేలాంటిది." దగ్గు వచ్చి ఆగింది. "మీకు గుర్తున్నట్టే ఉందా?"

మేస్త్రి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"లేదు" అన్నాడు. "నేనెప్పుడూ అలా వినలేదు. ఇంకోసారి చెప్పు."